కరతలామలకం

పాఠ్యభాగ ఉద్దేశం

గణితం సంకేతాల భాష. ఏ భాషనైనా ముందు వినడం, పలకడం, ఆ పైన చదవడం, వ్రాయడం అనే క్రమంలో నేర్చుకుంటాం. గణితాన్ని మాత్రం చాలాచోట్ల వ్రాతతోనే మొదలుపెడుతున్నాం. ప్రాథమిక పాఠశాలలో పిల్లలు వస్తువులను తాకి, కదిపి, విడదీసి, తిరిగి కూర్చి లెక్కలు నేర్చుకొనే పద్ధతి ఎటువంటిదో, దానికి మన నేలమీద ఉన్న చరిత్ర ఏమిటో, ఆ పద్ధతిలోని మెలకువలూ పొరపాట్లూ ఏవో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అరచేతిలో ఉసిరికాయ ఉన్నవానికి దాని రూపాన్ని ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు. సందేహానికి తావు లేకుండా, సమగ్రంగా తెలిసిన విషయాన్ని మన పూర్వులు 'కరతలామలకం' అన్నారు. 'హస్తామలకం' అన్నా అదే అర్థం. ఈ మాటను మనం పండితుల ప్రశంసకు విరివిగా వాడుకున్నాం. ఫలానివారికి వ్యాకరణం కరతలామలకం, ఫలానివారికి తర్కం కరతలామలకం అని చెప్పుకొంటూ వచ్చాం. అందులో ఇమిడి ఉన్న బోధనా సూత్రాన్ని మాత్రం అంతగా గమనించలేదు. దూరం నుంచి చూసినవానికి ఉసిరికాయ గుండ్రనిదని మాత్రమే తెలుస్తుంది. చేత పట్టినవానికి దాని బరువు, నునుపు, పైనుండి క్రిందికి సాగిన చారలు కూడా తెలుస్తాయి. ఎరుకకు చేయి ఒక ద్వారమని ఆ సమాసం మనకు చెబుతున్నది.

పదవ తరగతి పూర్తిచేసి జూనియర్ కళాశాలలో చేరే రోజున ప్రతి విద్యార్థీ ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఎం.పి.సి.నా, బై.పి.సి.నా, సి.ఇ.సి.నా, హెచ్.ఇ.సి.నా? చరిత్రమీద మక్కువతో చరిత్రను ఎంచుకున్నవారు ధన్యులు. కాని మన తరగతులలో మరొక వర్గం కూడా ఉన్నది. ఏ శాస్త్రం ఇష్టమని అడిగితే చెప్పలేరు; ఏది వద్దని అడిగితే మాత్రం తడుముకోకుండా "లెక్కలు" అంటారు. ఆ భయం పదవ తరగతిలో పుట్టింది కాదు. వెనుకకు నడుచుకుంటూ పోతే అది చాలామందిలో రెండవ తరగతి దగ్గరో, మూడవ తరగతి దగ్గరో, ఒక తీసివేత లెక్క ముందు ఆగుతుంది.

ఆ లెక్కనే చూద్దాం. 52 నుండి 27 తీసివేయాలి. మూడవ తరగతి పిల్లలలో ఎందరో దీనికి 35 అని జవాబు వ్రాస్తారు. ఇది అజాగ్రత్తవల్ల వచ్చిన తప్పు కాదు. 'పెద్దదానిలోనుంచి చిన్నదాన్ని తీసివేయాలి' అని ఉపాధ్యాయుడు చెప్పాడు. ఒకట్ల స్థానంలో 2, 7 ఉన్నాయి. ఏడు పెద్దది గనుక ఏడులోనుంచి రెండు తీశాడు, ఐదు వచ్చింది. పదుల స్థానంలో ఐదులోనుంచి రెండు తీశాడు, మూడు వచ్చింది. చెప్పిన నియమాన్ని పిల్లవాడు తు.చ. తప్పకుండా పాటించాడు. ఎర్ర సిరాతో కొట్టివేత మాత్రం మిగిలింది. తాను నియమం పాటించినా తప్పెందుకయిందో వానికి తెలియదు. ఇటువంటివి నాలుగు జరిగిన తరువాత, లెక్కలనేవి తెలుసుకోదగినవి కావు, కొందరికి వస్తాయి, కొందరికి రావు అని వాడు తీర్మానించుకుంటాడు. గ్రామీణ ప్రాంతాలలో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును పరీక్షించే 'అసర్' నివేదిక ప్రకారం 2024లో మన దేశపు గ్రామాలలోని మూడవ తరగతి పిల్లలలో ఇటువంటి తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. 2022లో 25.9 శాతం మాత్రమే. పెరిగినందుకు సంతోషించవలసిందే. అయినా ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆ గడప దగ్గరే నిలిచి ఉన్నారు.

ఇప్పుడు అదే లెక్కను పలకమీద కాక చాపమీద చేయిద్దాం. కొబ్బరి ఈనెలను వ్రేలెడేసి ముక్కలుగా విరిచి, పదేసి పుల్లలను దారంతో ఒక కట్టగా కట్టిద్దాం. కట్టలు పిల్లలే కట్టాలి. ఆ కట్టడంలోనే సగం పాఠం ఉన్నది. యాభై రెండంటే ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు. ఇందులోనుంచి ఇరవై ఏడు ఇమ్మని అడుగుదాం. పిల్లవాడు రెండు కట్టలు ఇస్తాడు. ఏడు విడిపుల్లలు కావాలి, ఉన్నవి రెండే. ఇక్కడ వాడు ఏడులోనుంచి రెండు తీయలేడు. ఎందుకంటే ఆ ఏడు వాని దగ్గర లేనే లేవు. కాగితంమీద సాధ్యమైన తప్పు చాపమీద సాధ్యం కాదు. కాసేపు చూస్తాడు. తోచక పక్కవాని వైపు తిరుగుతాడు. ఉపాధ్యాయుడు నోరు మెదపకుండా ఉండగలిగితే, కొద్దిసేపటికి ఆ పిల్లవాడే ఒక కట్ట దారం విప్పుతాడు. విడిపుల్లలు పన్నెండవుతాయి. ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. కట్టలు రెండు మిగిలాయి. ఇరవై ఐదు. దారం విప్పిన ఆ క్షణంలో స్థానవిలువ అనే భావన వానికి కరతలామలకం అయింది.

మన బడులలో ఈ ప్రక్రియను 'అప్పు తీసుకోవడం' అంటారు. భాష చెప్పుకొనేవానిగా ఈ మాట దగ్గర నేను కొంచెం ఆగక తప్పదు. అప్పు అన్న తరువాత తీర్చాలి కదా! పదుల ఇంటినుంచి తెచ్చుకున్న పదిని ఎప్పుడు తిరిగి ఇచ్చామని ఒక పిల్ల అడిగితే ఏమని చెబుతాం? నిజానికి అక్కడ అప్పూ లేదు, రుణదాతా లేడు. పది రూపాయల నోటుకు చిల్లర మార్చినట్లు ఒక పదిని పది ఒకట్లుగా మార్చుకున్నాం. మొత్తం ఏమాత్రం మారలేదు. 'కట్ట విప్పడం' అనే మాటే శాస్త్రానికి దగ్గరగా ఉన్నది. పదం సరిగా ఉంటే భావం సగం అందుతుందని మేము సాహిత్య తరగతిలో చెప్పే మాట గణితానికీ వర్తిస్తుంది.

పదాల ప్రస్తావన వచ్చింది గనుక, తెలుగు సంఖ్యావాచకాలలోని ఒక సౌలభ్యాన్ని చెప్పి ముందుకు సాగుతాను. పది, ఒండు కలిసి పదకొండు. పదీ రెండూ పన్నెండు. పదీ మూడూ పదమూడు. ఇరు పదులు ఇరువది, అదే ఇరవై. మూడు పదులు ముప్పది, ముప్పై. ఆ తరువాత నలువది, ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది అని ప్రతి మాటలోనూ పది వినబడుతూనే ఉంటుంది. కట్టలు కట్టే పనిని మన భాష ఏనాడో చేసి పెట్టింది. ఆంగ్లంలో ఇలెవన్, ట్వెల్వ్ అనే మాటలలో పది వినపడదు. థర్టీన్‌కూ థర్టీకీ, ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ చెవికి తేడా తెలియక పసిపిల్లలు తికమకపడతారు. ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లల చేతిలో కూడా ఈనెపుల్లలు ఉంచి, ఇంటి భాషలో ఒకసారి, బడి భాషలో ఒకసారి లెక్కపెట్టిస్తే ఆ తికమక చాలావరకు తీరుతుంది.

వస్తువులతో లెక్క నేర్పడం మనకు దిగుమతి అయిన విద్య అనుకోనక్కరలేదు. వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో దిద్దేవారు. చింతపిక్కలతో, గవ్వలతో లెక్కపెట్టేవారు. ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు రెండు సోలలు ఒక తవ్వ అనీ, రెండు తవ్వలు ఒక మానిక అనీ, నాలుగు మానికలు ఒక కుంచమనీ చేతితో కొలిచి తెలుసుకొనేవారు. పావు, అర, ముప్పావు, పరక, వీసం అనే భిన్నాలు ప్రతి ఇంటి వంటగదిలోనూ అంగడిలోనూ పలికేవి. వామనగుంటల పీటలో వరుసకు ఏడేసి చొప్పున రెండు వరుసల గుంటలు. ఒక గుంటలోని పిక్కలు తీసి ముందు గుంటలలో ఒక్కొక్కటిగా పంచుతూ పోవాలి. ఏ గుంట పట్టుకుంటే చివరి పిక్క ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలిగిన అమ్మమ్మలు మన ఇళ్ళలో ఉండేవారు. వారు బడి ముఖం చూడలేదు, అయినా భాగహారాన్నీ శేషాన్నీ కంటితోనే గణించేవారు.

గ్రంథాలలోనూ ఆ జాడ ఉన్నది. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యుడు తామరలు, తుమ్మెదలు, నెమలి, పాము వంటి కంటికి కనబడే వస్తువులతో సమస్యలను కల్పించాడు. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించగా, అది తెలుగులో తొలి గణితగ్రంథంగా నిలిచింది. గణితశాస్త్రాన్ని ఛందస్సులో బంధించి పద్యాలుగా చెప్పడం ఆ కవి చేసిన సాహసం.

అయితే పాతదంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. వీధిబడిలో ఎక్కాలు వల్లెవేయించిన తీరు జ్ఞాపకశక్తిని పెంచిందే గాని, ఏడెనిమిదులు యాభై ఆరు ఎందుకయిందో చెప్పలేదు. చింతపిక్కలు అందుబాటులోనే ఉన్నా, వాటిని ఎక్కంతో ముడిపెట్టిన పంతుళ్ళు అరుదు. పన్నెండు పిక్కలిచ్చి వరుసలుగా పేర్చమంటే పిల్లలు మూడు వరుసలలో నాలుగేసి పేరుస్తారు. అదే అమరికను పక్కకు తిరిగి చూస్తే నాలుగు వరుసలలో మూడేసి. మూడు నాలుగులూ నాలుగు మూడులూ ఒకటేనని అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు. చుట్టూ నడిస్తే చాలు. రెండు వరుసలలో ఆరేసి కూడా కుదురుతుంది. మరొక పిక్క చేర్చి పదమూడు చేస్తే, ఒకే వరుసలో తప్ప ఎలా పేర్చినా సమానంగా కుదరక ఎంతో కొంత మిగిలిపోతుంది. ప్రధానసంఖ్య అనే పేరు వినకముందే పిల్లలు దాని స్వభావాన్ని పట్టుకుంటారు. ఎక్కం నోటికి రావలసిందే. కాని ముందు కంటికి కనబడి, తరువాత నోటికి రావాలి.

ఐరోపాలో ఈ ఆలోచనకు శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ ముఖ్యుడు. ఆయన 1837 నాటినుంచి పసిపిల్లలకోసం ఉన్ని బంతులు, కొయ్య గోళం, ఘనం, స్తూపం, ఎనిమిది ముక్కలుగా విడిపోయే ఘనం మొదలైనవాటిని తయారుచేయించి వాటికి 'కానుకలు' అని పేరు పెట్టాడు. బెల్జియం ఉపాధ్యాయుడు క్యూజినేర్ ఒకటి నుండి పది సెంటీమీటర్ల పొడవుగల రంగురంగుల కొయ్యపుల్లలతో సంఖ్యల సంబంధాలు నేర్పాడు. కాని భారతదేశంతో గాఢమైన సంబంధం ఉన్న పేరు మరియా మాంటిస్సోరిది.

ఇటలీలో వైద్యవిద్య అభ్యసించిన మాంటిస్సోరి 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో 'పిల్లల ఇల్లు' తెరిచింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై కుమారుడు మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించింది. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె కదలికలపై ఆంక్షలు విధించింది. ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున కుమారుణ్ణి విడిచిపెట్టారు. కొన్ని నెలలకని వచ్చిన ఆమె 1946 వరకు ఇక్కడే ఉండిపోయి, అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ పనిచేసింది. శత్రుదేశపు పౌరురాలిగా పరిగణింపబడుతూనే ఈ దేశపు ఉపాధ్యాయులను వేయిమందికి పైగా తీర్చిదిద్దిన ఆ వృద్ధురాలి పట్టుదల స్మరింపదగినది.

ఆమె రూపొందించిన గణిత సామగ్రిలో రెండింటిని మాత్రం చెబుతాను. మొదటిది బంగారు రంగు పూసలు. ఒక పూస ఒకటి. పది పూసలు తీగకు గుచ్చితే పది. అటువంటి పది తీగలు పక్కపక్కన చేర్చితే వందపూసల చదరం. పది చదరాలు ఒకదానిమీద ఒకటి పేర్చితే వేయిపూసల ఘనం. కాగితంమీద ఒకటికీ వేయికీ మధ్య తేడా మూడు సున్నలు మాత్రమే. ఇక్కడ పిల్లవాడు ఒకటిని రెండు వ్రేళ్ళతో పట్టుకుంటాడు, వేయిని రెండు చేతులతో ఎత్తుతాడు. సంఖ్యకు బరువున్నదని వాని భుజాలకు తెలుస్తుంది. రెండవది కదురుల పెట్టె. పది గదులు, వాటిపై సున్న నుండి తొమ్మిది వరకు అంకెలు, మొత్తం నలభై ఐదు కదురులు. అంకెను బట్టి గదిలో కదురులు వేస్తూ పోతే చివరకు చేతిలో ఏమీ మిగలవు, మొదటి గది ఖాళీగా ఉంటుంది. లెక్క తప్పితే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఒక కదురు తక్కువవుతుంది, లేదా ఎక్కువవుతుంది. సున్న అంటే 'ఏమీ లేదు' అని వంద సార్లు చెప్పినా తెలియనిది, ఆ ఖాళీ గది చూస్తే తెలుస్తుంది. సున్నను లోకానికి అందించిన దేశంలో సున్నను గుండ్రని గీతగా మాత్రమే నేర్పడం కొంచెం చిన్నతనమే.

గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించి, మాంటిస్సోరి పద్ధతిని మన మట్టికీ మన కథలకూ అనువుగా మలిచాడు. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన మౌలిక విద్యలో నూలు వడకడమే పాఠం. ఎన్ని గజాల నూలు, ఎంత కాలం, ఎంత విలువ అనే లెక్కలు పనిలోనుంచే పుట్టాలని ఆయన ఆశించాడు. ఆ ప్రయోగం దేశమంతటా వేళ్ళూనలేదు. దానికి కారణాలు వేరే పాఠానికి తగినవి.

మన రాష్ట్రాల విషయానికి వస్తే, మదనపల్లె సమీపంలో జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో ఏర్పడిన రిషీవ్యాలీ విద్యాసంస్థ పేరు ముందు చెప్పాలి. చుట్టుపక్కల పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలలకోసం ఆ సంస్థ గ్రామీణ విభాగం 'పెట్టెలో బడి' అనే పద్ధతిని రూపొందించింది. పాఠ్యపుస్తకం స్థానంలో వందలాది కార్డులు, వాటికి తోడు చుట్టూ దొరికే గింజలు, పుల్లలు, రాళ్ళు. గోడపై ఒక నిచ్చెన బొమ్మ. ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారో పిల్లలే చూసుకొని తమ కార్డు తాము తీసుకుంటారు. పొలం పనులకు వెళ్ళి నాలుగు రోజులు బడి మానిన పిల్ల తిరిగి వచ్చినప్పుడు, తాను ఆగిన మెట్టునుంచే మొదలుపెడుతుంది. తరగతి తనను విడిచి ముందుకు పోయిందన్న దిగులు ఉండదు. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో మొదలై 2007 నాటికి తమిళనాడంతటా వ్యాపించిన కృత్యాధార బోధనకు ఇదే ప్రేరణ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980వ దశకంలో బ్రిటన్ సాయంతో మొదలైన ప్రాథమిక విద్యాపథకం ఉపాధ్యాయులకు కృత్యాలతో బోధించడంలో విస్తృతంగా శిక్షణ ఇచ్చింది. 'కృత్యం' అనే మాట ఉపాధ్యాయుల నోట బాగా నలిగిన కాలమది. 1986 జాతీయ విద్యావిధానం ననుసరించి మరుసటి ఏడు వచ్చిన 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పథకం గణిత సామగ్రి పెట్టెలను పల్లెబడులకు చేర్చింది. ఆ తరువాతి పథకాలలో బోధనోపకరణాల తయారీకి ఏటా ఒక్కొక్క ఉపాధ్యాయునికి 500 రూపాయలు ఇచ్చేవారు. ఇటీవల 2023లో కేంద్రప్రభుత్వం మూడు నుండి ఎనిమిదేళ్ళ పిల్లలకోసం 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టెను విడుదల చేసింది. పెట్టెలకు కొదువ లేదు. వాటి మూత తెరవడంలోనే చిక్కున్నది. పోతే ఎవరు జవాబుదారీ అనే భయంతో పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసిన బడులెన్నో. తనిఖీ నాడు మాత్రం బయటికి వచ్చి, సాయంత్రానికి మళ్ళీ లోపలికి వెళ్ళే పూసల చట్రాన్ని చూసి పిల్లలు నేర్చుకొనేది గణితం కాదు, లోకరీతి.

చేతికి వస్తువు ఎందుకు కావాలో మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు వివరించారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే చేసిన ఒక చిన్న పరీక్షను మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. నాలుగైదేళ్ళ పిల్లల ముందు ఆరేసి గింజలతో రెండు వరుసలు సమానంగా పేర్చండి. రెండూ సమానమేనని ఒప్పుకుంటారు. తరువాత వారి కళ్ళముందే ఒక వరుసలోని గింజలను ఎడంగా జరపండి. ఇప్పుడు ఎక్కడ ఎక్కువున్నాయని అడిగితే, చాలామంది పొడవుగా కనబడే వరుసనే చూపిస్తారు. సంఖ్య అనేది జరిపినా, కుప్పచేసినా మారని గుణమని వారికింకా తెలియదు. ఎన్నోసార్లు తామే జరిపి, తామే కలిపి చూస్తే గాని తెలియదు. అమెరికా మనోవిజ్ఞాని బ్రూనర్ ఈ ప్రయాణంలో మూడు మజిలీలను గుర్తించాడు: చేతితో చేయడం, బొమ్మలో చూడడం, సంకేతంలో వ్రాయడం. ఈనెపుల్లల కట్ట మొదటి మజిలీ, పలకమీద కట్టల బొమ్మ రెండవది, 52 అనే అంకెలు మూడవది. మన బడులు మొదటి రెండింటిని దాటవేసి మూడవదానిలో పిల్లలను దింపుతున్నాయి.

మరి చేతిలో వస్తువులు ఉన్నంతమాత్రాన సంకేతాలు వాటంతట అవే వస్తాయా? రావు. కోల్‌కతా, ఢిల్లీ నగరాలలోని సంతలలో అమ్మకాలు చేసే 1,436 మంది పిల్లలను పరిశీలించిన ఒక అధ్యయనం 2025లో 'నేచర్' అనే శాస్త్రపత్రికలో వెలువడింది. ఆ పిల్లలు ఎనిమిది వందల గ్రాముల బంగాళాదుంపలకు ఇంత, ఉల్లిపాయలకు ఇంత, తిరిగి ఇవ్వవలసిన చిల్లర ఇంత అని నోటితోనే తప్పు లేకుండా చెప్పగలిగే కోవకు చెందినవారు. అదే పిల్లలు కాగితంమీద వ్రాసి ఇచ్చిన, అంతకన్నా తేలికైన లెక్కలను చేయలేకపోయారు. సంత అనుభవం లేని బడిపిల్లల సంగతి దీనికి తలక్రిందులు. వారికి కాగితంమీది లెక్కలు నయం, సంత లెక్కలు కష్టం. ఈ రెండు ఒడ్ల మధ్య వంతెన లేదు. కూరగాయలమ్మే తల్లి పక్కన కూర్చుని చిల్లర లెక్కపెట్టే పిల్లను బడిలో మొద్దు అని పిలవడం ఎంత అన్యాయమో దీనివల్ల తెలుస్తుంది. ఆమెకు లెక్క వచ్చు, మనం వ్రాసే లిపి రాదు. ఆ లిపికీ ఆమె లెక్కకూ సంబంధం చూపవలసినవాడు ఉపాధ్యాయుడు.

ఆ సంబంధం చూపడంలో వస్తువు ఎంపిక ముఖ్యం. మెరిసే బొమ్మలు, రంగుల కాగితాలతో అలంకరించిన ఉపకరణాలు ప్రదర్శనలో బహుమతులు తెస్తాయి. తరగతిలో మాత్రం పిల్లల చూపు లెక్కమీద కాక బొమ్మమీద నిలుస్తుంది. ఒకే రకపు గింజలు, ఒకే పొడవు పుల్లలు ఉంటే చాలు. మరొక లోపం, ఉపాధ్యాయుడే కట్టలు విప్పి చూపిస్తూ నలభై మంది దూరంనుంచి చూడడం. ఉసిరికాయ ఉపాధ్యాయుని అరచేతిలో ఉంటే ఆమలకం ఆయనకే! చూపులేని పిల్లల విషయంలో ఈ సంగతి మరీ స్పష్టం. అంకెలకు బదులు చిన్న లోహపు దిమ్మెలను గుంటలలో అమర్చే టైలర్ పలకపై వారు వ్రేళ్ళతోనే లెక్కలు చేస్తారు. వారికి ఎవరైనా చేసి చూపించడమనేది లేనే లేదు.

భిన్నాల దగ్గర ఇంకొంచెం ఆగుదాం. తీసివేత తరువాత పిల్లలు ఎక్కువగా జారిపడే చోటు అదే. మూడవవంతు పెద్దదా, నాలుగవవంతు పెద్దదా అంటే నాలుగు పెద్ద అంకె గనుక నాలుగవవంతే అంటారు. రొట్టెతో నేర్పవచ్చునని పుస్తకాలు చెబుతాయి. మంచిదే. కాని చేతితో చేసిన రొట్టెలు రెండు ఒకే కొలతలో ఉండవు. పెద్ద రొట్టెలో పావు, చిన్న రొట్టెలో సగానికి సరిపోయినా సరిపోతుంది. మొత్తం సమానంగా ఉంటేనే వంతులను పోల్చగలమన్నది తెలియడానికి ఆ పొరపాటును కూడా ఒకసారి జరగనివ్వాలి. తరువాత కాగితపు పట్టీలు తీసుకోవాలి. ముప్పై సెంటీమీటర్ల పొడవున ఒకే కొలత పట్టీలు కొన్ని. ఒకదానిని సగానికి మడిస్తే పదిహేను. ఇంకొకదానిని మూడు మడతలు చేస్తే ఒక్కొక్కటి పది. సగమూ మూడవవంతూ కలిపితే ఎంతని అడిగితే, పైవి రెండూ కూడి, క్రిందివి రెండూ కూడి 'ఐదింట రెండు' అని వ్రాయడం సర్వసాధారణం. పట్టీలపై చూస్తే పదిహేను, పది కలిసి ఇరవై ఐదు సెంటీమీటర్లు. ఐదింట రెండు వంతులు పన్నెండు సెంటీమీటర్లే! సగానికి మరికొంత కలిపితే సగంకన్నా తక్కువ వచ్చిందని తెలిసిన పిల్ల నవ్వుతుంది. ఆ నవ్వు వచ్చిన తరువాత లవహారాల నియమాన్ని ఆమెకు చెప్పవచ్చు. అంతకుముందు చెబితే అది మరొక వల్లెవేత.

ఇక మిగిలిన ప్రశ్న, పుల్లలు ఎప్పుడు క్రింద పెట్టించాలి? ఇది పెద్దలు తరచు వేసే ప్రశ్న. అలవాటైతే పదవ తరగతిలో కూడా పుల్లలే కావాలంటారేమోనని వారి సందేహం. పుల్లలు లాగివేయవలసిన పని సాధారణంగా ఉండదు, పిల్లలే వదిలిపెడతారు. అందుకు ఒక చిన్న ఉపాయం ఉన్నది. కట్టలు ముందు పెట్టి, పైన ఒక గుడ్డ కప్పి, తీసివేత అడగాలి. చేయి పెట్టకుండా లోపల ఏమున్నదో తలచుకొని చెబుతారు. సందేహం వస్తే గుడ్డ ఎత్తి చూసుకోవచ్చు. తరువాత పలకమీద పదికి ఒక నిలువుగీత, ఒకటికి ఒక చుక్క పెట్టి చేస్తారు. ఆ తరువాతనే అంకెలు. ఈ క్రమంలో వచ్చిన పిల్లకు 403 నుండి 158 తీసివేయమని ఇచ్చి చూడండి. మధ్యలో సున్న ఉన్న ఈ లెక్క పెద్దపిల్లలను కూడా తడబెడుతుంది. పదుల ఇంట్లో ఏమీ లేదు. కనుక వందకట్ట విప్పితే పది పదులు, అందులో ఒక పది విప్పితే పది ఒకట్లు. ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు. చేతిలో పుల్ల లేకపోయినా, ఆ పిల్ల పెన్సిలుతో 245 వ్రాస్తూ పెదవులు కదుపుతుంది. దగ్గరగా వంగి వింటే "కట్ట విప్పాను, ఇంకో కట్ట విప్పాను" అనడం వినబడుతుంది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. '52 నుండి 27' అనే తీసివేతను పిల్లలు ఎందుకు తప్పుగా చేస్తారు? ఈనెపుల్లల కట్టలు ఆ తప్పును ఎలా నివారిస్తాయి?
2. వస్తువులతో గణితం నేర్పే పద్ధతికి తెలుగునేలతోనూ, భారతదేశంతోనూ గల సంబంధాన్ని వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. 'అప్పు తీసుకోవడం' అనే మాటపై రచయిత అభ్యంతరం ఏమిటి? మీరు ఏకీభవిస్తారా?
2. సంతలో పనిచేసే పిల్లల విషయంలో తేలిన సత్యం ఏమిటి?

ఇ) సంధులు విడదీసి, సంధి పేరు వ్రాయండి: కరతలామలకం, బోధనోపకరణం, భాస్కరాచార్యుడు.

ఈ) కృత్యం: మీ ఇంటిలో లేదా వీధిలో ప్రాథమిక పాఠశాలలో చదివే పిల్లలతో పన్నెండు, పదమూడు, పదహారు చింతపిక్కలను వరుసలుగా పేర్పించండి. వారు చేసిన అమరికలనూ, అన్న మాటలనూ ఉన్నవి ఉన్నట్లుగా వ్రాసి తరగతిలో చదవండి.